గేమ్‌లో కొనుగోళ్లు: డబ్బు పెట్టినవాడిదే గెలుపా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మొబైల్ గేమ్‌ల ఖర్చు గురించే. ఆడే పిల్లలూ రాశారు, డబ్బు కట్టే పెద్దలూ రాశారు.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడతాడు. "అవతలివాళ్లకు మంచి గన్ స్కిన్లు ఉన్నాయి, అందుకే ఓడిపోతున్నా, డైమండ్లు కొనివ్వు" అని ప్రాణం తీస్తున్నాడు. వాడు చెప్పేది నిజమా, సాకా? (ఒక తల్లి, కరీంనగర్)

కొంత నిజం ఉందమ్మా. డైమండ్లంటే డబ్బిచ్చి కొనే గేమ్ నాణేలు. ఈ తుపాకుల ఆటలో గన్ స్కిన్ (తుపాకీకి తొడిగే కొత్త రూపం) అంటే రంగు ఒక్కటే కాదు. చాలా స్కిన్ల కింద డ్యామేజ్ (దెబ్బ బలం), రేట్ ఆఫ్ ఫైర్ (కాల్చే వేగం), రీలోడ్ స్పీడ్ (బుల్లెట్లు నింపే వేగం) లాంటివి రాసి, పక్కన ప్లస్‌లూ మైనస్‌లూ చూపిస్తారు. ఇద్దరూ ఒకే తుపాకీతో ఎదురుపడ్డప్పుడు డ్యామేజ్ ప్లస్ ఉన్నవాడికి ఒక బుల్లెట్ తక్కువ సరిపోవచ్చు. క్యారెక్టర్ స్కిల్స్ (పాత్రలకుండే ప్రత్యేక శక్తులు) కూడా ఆటలో పనిచేసేవే. అయితే తలకు గురిచూసి కొట్టడం, సమయానికి గ్లూ వాల్ (అడ్డుగోడ) వేయడం, నెట్ పింగ్ (నెట్ స్పందించడానికి పట్టే సమయం) నిలకడగా ఉండటం, ఇవి ఆ ప్లస్‌ల కంటే ఎక్కువ తేడా తెస్తాయి.

డబ్బు పెట్టేముందు ఒక పరీక్ష చేయించండి. రూమ్ కార్డు ఉన్న స్నేహితుడితో కస్టమ్ రూమ్ (ఆ కార్డుతో తెలిసినవాళ్ల కోసం పెట్టే విడి మ్యాచ్) పెట్టించి, సెట్టింగ్స్‌లో గన్ ఆట్రిబ్యూట్స్ (స్కిన్ల ప్లస్, మైనస్‌లు), క్యారెక్టర్ స్కిల్ రెండూ ఆఫ్ చేసి, తనను రోజూ ఓడించేవాళ్లతోనే పది మ్యాచ్‌లు ఆడమనండి. అప్పుడూ ఓడితే లోటు స్కిన్‌లో లేదు. గెలుస్తుంటే మాత్రం వాడి ఫిర్యాదు న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయొద్దు.

బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే మరో తుపాకుల ఆటలో పరిస్థితి వేరు. అక్కడ డ్రెస్సులు, గన్ స్కిన్లు డ్యామేజ్‌ను పెంచవు. అయినా "స్కిన్ అంటే అలంకారమేగా" అని అన్నిచోట్లా తేలిగ్గా తీసుకోలేం. కాల్ ఆఫ్ డ్యూటీ వార్‌జోన్‌లో 2020లో వచ్చిన రోజ్ అనే పాత్ర నల్లటి స్కిన్ చీకటి మూలల్లో కనబడేదే కాదు. ఆటగాళ్లు గోల పెట్టాక 2021లో దాన్ని మార్చారు.

ప్రశ్న: క్లాష్ రాయల్‌లో (కార్డులతో సైనికులను దించి అవతలివాడి టవర్లు కూల్చే ఆట) నా ట్రోఫీలు (గెలిస్తే పెరిగే, ఓడితే తగ్గే పాయింట్లు) ఒకచోట ఆగిపోయాయి. వచ్చే ప్రతివాడి కార్డులూ నాకంటే పెద్ద లెవెల్. నాతో కొనిపించడానికి కంపెనీ కావాలనే అలాంటివాళ్లను వేస్తోందా? (డిగ్రీ విద్యార్థి, గుంటూరు)

కావాలనే వేస్తున్నారనడానికి ఆధారం లేదు. ఇలాంటి అనుమానం ఊరికే పుట్టలేదన్నదీ నిజమే. కొనుగోళ్లు పెరిగేలా ఎవరిని ఎవరితో ఆడించాలో నిర్ణయించే పద్ధతి మీద యాక్టివిజన్ కంపెనీ 2017లో అమెరికాలో పేటెంట్ పొందింది. దాన్ని ఏ గేమ్‌లోనూ వాడలేదని అప్పట్లో చెప్పింది.

మీ విషయంలో అంత దూరం పోనక్కర్లేదు. ట్రోఫీ రోడ్‌లో (ట్రోఫీల కోసం ఆడే మామూలు మ్యాచ్‌లు) ప్రత్యర్థిని జతకట్టేది ప్రధానంగా ట్రోఫీలను బట్టి. మీకు ఆట బాగా వచ్చి లెవెల్ తక్కువైతే, పెద్ద లెవెల్ ఉండి ఆట అంతగా రానివాళ్లు మీ ట్రోఫీల దగ్గరే తేలతారు. లెవెల్ తేడా ఎక్కడ దెబ్బ తీస్తుందో చూడండి. ఒక్కో లెవెల్‌కు కార్డు బలం దాదాపు 10 శాతం పెరుగుతుంది, రెండు లెవెళ్లంటే 21 శాతం. సమాన లెవెల్‌లో ఫైర్‌బాల్ అనే స్పెల్ (మంత్రం కార్డు) తగిలినా మస్కెటీర్ అనే సైనికురాలు కొద్దిపాటి ప్రాణంతో బతుకుతుంది. అదే ఫైర్‌బాల్ ఒక్క లెవెల్ ఎక్కువైతే మస్కెటీర్ చచ్చిపోతుంది. రెండూ 4 ఎలిక్సిర్ (కార్డు వేయడానికి ఖర్చయ్యే శక్తి) కార్డులే. అతడు 4తో పని ముగిస్తే, మీరు ఫైర్‌బాల్‌కు తోడు 2 ఎలిక్సిర్ల జాప్ అనే చిన్న స్పెల్ కూడా వేయాలి. మ్యాచ్ మొత్తం మీద ఇలా మూడుసార్లు జరిగితే 6 ఎలిక్సిర్లు పోయినట్టే.

అందుకని గోల్డ్‌ను (కార్డుల లెవెల్ పెంచే నాణేలు) నాలుగు డెక్‌ల (ఆటకు తీసుకెళ్లే కార్డుల సెట్ల) మీద చల్లొద్దు. ఒకే డెక్ ఎంచుకోండి. అందులో ముందు స్పెల్స్, తర్వాత టవర్‌ను కొట్టే ముఖ్యమైన కార్డు, ఆ తర్వాతే మిగతావి పెంచండి. స్పెల్‌లో ఒక్క లెవెల్ తక్కువైతే చావాల్సినవి చావకుండా మిగిలిపోతాయి. మీ ఆట ఏపాటిదో తెలుసుకోవాలంటే అందరి కార్డులనూ ఒకే లెవెల్‌కు కట్టేసే ఛాలెంజ్‌లు, టోర్నమెంట్లు ఆడండి. అక్కడ బాగా గెలుస్తూ ట్రోఫీ రోడ్‌లో ఓడుతుంటే మిమ్మల్ని ఓడిస్తున్నది లెవెలే. పాస్ (డబ్బు కడితే అదనపు బహుమతులిచ్చేది) కొంటే ఎదుగుదల వేగం పెరుగుతుంది గానీ, కొన్న మర్నాడే తేడా పూడదు.

ప్రశ్న: క్రేట్‌లో (డబ్బిచ్చి తెరిస్తే అదృష్టం కొద్దీ ఏదో ఒకటి వచ్చే పెట్టె) నాకు కావాల్సిన వస్తువు వచ్చే అవకాశం 1 శాతం అని ఉంది. 100 సార్లు తెరిస్తే ఒకటి రావాలి కదా? నాకు రాలేదు. మోసమా? (విశాఖపట్నం)

ఆ లెక్క చాలామంది జేబులకు చిల్లు పెడుతోంది. ప్రతిసారీ రాకపోయే అవకాశం 99 శాతం. 100 సార్లకు ఆ 99 శాతాలను ఒకదానితో ఒకటి గుణిస్తే 36.6 శాతం మిగులుతుంది. అంటే 100 సార్లు తెరిచినవాళ్లలో మూడోవంతుకు పైగా ఉత్త చేతులతో పోతారు. వచ్చే అవకాశం 95 శాతానికి చేరాలంటే 299 సార్లు తెరవాలి. ముందు ఎన్నిసార్లు ఓడారన్నది తర్వాతి క్రేట్‌కు తెలియదు.

కొన్ని గేమ్‌లు పై హద్దు పెడతాయి. గెన్‌షిన్ ఇంపాక్ట్‌లో ఐదు నక్షత్రాల పాత్రకు మూల అవకాశం 0.6 శాతం. 90వ విష్‌కల్లా (ఒక్కో ప్రయత్నాన్ని అక్కడ విష్ అంటారు) ఐదు నక్షత్రాలది ఒకటి ఖాయం, కానీ అది మీరు కోరిన పాత్రే కానక్కర్లేదు. కోరినదే కచ్చితంగా కావాలంటే లెక్క 180 వరకు పోవచ్చు. ఒక్కో విష్‌కు 160 ప్రిమోజెమ్‌లు (ఆ గేమ్ నాణేలు), 180కి 28,800. ఆ మొత్తానికి ఎన్ని రూపాయలవుతాయో స్టోర్‌లో చూసి, అంత పెట్టగలిగితేనే మొదటి విష్ నొక్కండి.

ఆపిల్ 2017 చివర్లో, గూగుల్ ప్లే 2019లో, డబ్బుకు అమ్మే ఇలాంటి పెట్టెల అవకాశాలను ముందే చూపాలని నియమం పెట్టాయి. బెల్జియం 2018లోనే వీటిని జూదంగా లెక్కగట్టింది. శాతాలు ఎక్కడా కనబడని క్రేట్‌కు రూపాయి కూడా పెట్టొద్దు.

ప్రశ్న: ఏడో తరగతి చదివే మా పాప నా ఫోన్లో నాకు తెలియకుండా డైమండ్లు కొనేసింది. డబ్బు వెనక్కి వస్తుందా? (సిద్దిపేట)

ఆండ్రాయిడ్ ఫోనైతే 48 గంటలు దాటనీయకండి. బ్రౌజర్‌లో ప్లే స్టోర్ సైట్ తెరిచి, మీ ఫొటో మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో ఆర్డర్ హిస్టరీకి వెళ్లండి. ఆ ఆర్డర్ పక్కన 'రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్' నొక్కి, కుటుంబసభ్యులు అనుమతి లేకుండా కొన్నారన్న కారణం ఎంచుకోండి. ఐదు కొనుగోళ్లుంటే ఐదింటికీ విడివిడిగా పెట్టాలి. ఈలోగా ఆ డైమండ్లను ఖర్చు చేయనివ్వకండి. 48 గంటలు దాటితే గేమ్ కంపెనీకే రాయాలి. డబ్బు తిరిగొచ్చాక గేమ్ ఆ డైమండ్లను వెనక్కి తీసుకుంటుంది, ఐడీ (గేమ్ ఖాతా) మీద ఆంక్షలు కూడా పెట్టవచ్చు. ఇది పాపకు ముందే చెప్పండి.

పాప మీ యూపీఐ పిన్ కొట్టి రీడీమ్ కోడ్ (ముందే డబ్బు కట్టి, తర్వాత కొనుగోలుకు వాడే కోడ్) కొనుంటే కష్టం. వాడేసిన కోడ్‌కు డబ్బు తిరిగి రాదనే అనుకోవాలి. వెంటనే పిన్ మార్చండి.

ఇకముందు కోసం ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో కొనుగోలు ధ్రువీకరణను ప్రతిసారీ అడిగేలా పెట్టండి. వేలిముద్రతో పెట్టేటప్పుడు ఒకటి చూసుకోండి: చాలా ఇళ్లలో అమ్మ ఫోన్లో పిల్లల వేలిముద్ర కూడా ఎక్కించి ఉంటుంది. అది తీసేయకపోతే తాళం వేసి చెవి పిల్లల చేతికిచ్చినట్టే.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో సగం ధరకు యూసీ (బీజీఎంఐ నాణేలు) అమ్ముతున్నారు. కొనొచ్చా? (నెల్లూరు)

వద్దు. అంత చౌకగా వచ్చేది చాలాసార్లు దొంగిలించిన కార్డుతో కొన్నదో, కొన్నాక రీఫండ్ పెట్టబోయేదో అయి ఉంటుంది. అసలు చెల్లింపు రద్దయితే యూసీ మీ ఖాతాలోంచి పోతుంది, నిల్వ మైనస్‌లోకి వెళ్లవచ్చు, ఐడీ బ్యాన్ కావచ్చు. ఐడీలు కొనడం ఇంకా ప్రమాదం. దానికి లింకైన జీమెయిల్ లేదా ఫేస్‌బుక్ పాత యజమానిదైతే, డబ్బు తీసుకున్న వారానికి కూడా రికవర్ చేసుకోగలడు. ఇప్పటికే మోసపోయుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: కొత్త చట్టం వచ్చాక గేమ్‌లో డబ్బు పెట్టడమే నేరమా? (హైదరాబాద్)

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పందెం కాసి, డబ్బు గెలవాలని ఆడే ఆటలను. డ్రెస్ కొనడం, పాస్ కొనడం ఆ కోవలోకి రావు. "ఎంట్రీ 30 రూపాయలు, గెలిచినవాడికి 1,000" అంటూ వాట్సాప్‌లో నడిపే కస్టమ్ రూమ్‌లకు మాత్రం దూరంగా ఉండండి. మనీ గేమ్ నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఆడేవాళ్లకు చట్టం శిక్ష పెట్టలేదు గానీ, కట్టిన ఎంట్రీ ఫీజు పోతే దాన్ని తిరిగి ఇప్పించేవాళ్లు ఉండరు.