నష్టాల్లో ఉన్న కంపెనీ కొత్త షేర్లు జారీచేస్తే పాత వాటాదారుకు ఏమవుతుంది?

మీ షేర్ల సంఖ్య తగ్గదు, కంపెనీలో మీ వాటా తగ్గుతుంది. యెస్ బ్యాంకు ఉదంతం చూడండి. 2020 మార్చికి ముందు ఆ బ్యాంకుకు సుమారు 255 కోట్ల షేర్లు ఉండేవి. పునరుద్ధరణ పథకంలో స్టేట్ బ్యాంకు తదితర ఆర్థిక సంస్థలు షేరు 10 రూపాయల చొప్పున 1,000 కోట్ల షేర్లు తీసుకున్నాయి. జులైలో 12 రూపాయల ధరకు మరో 1,250 కోట్ల షేర్లు వచ్చాయి. మొదట ఒక శాతం వాటా ఉండి, కొత్త షేర్లు కొననివారికి చివరకు మిగిలింది దాదాపు 0.1 శాతం.

వాటా పలచబడటం దానికదే నష్టం కాదు. సరైన ధరకు షేర్లు అమ్మి, ఆ డబ్బుతో కొత్త ఫ్యాక్టరీ కడితే చిన్న వాటా విలువ కూడా పెరగవచ్చు. కష్టాల్లో ఉన్న కంపెనీకి బేరమాడే బలం ఉండదు. ధర అడుగంటినప్పుడే అమ్మాలి, వచ్చిన డబ్బు పాత గుంతలు పూడ్చడానికే పోతుంది. రాబోయే లాభాల్లో సింహభాగం కొత్తవారిది. యెస్ బ్యాంకులో వందకు తక్కువ కాకుండా షేర్లున్నవారు వాటిలో 75 శాతాన్ని మూడేళ్లపాటు అమ్ముకోవడానికి కూడా వీల్లేకపోయింది. చిన్న మదుపరులకు ఇది చాలా కఠినమైన షరతని నా అభిప్రాయం.

రైట్స్ ఇష్యూ అయితే కొత్త షేర్లు కొనే అవకాశం పాతవారికే ముందుగా ఇస్తారు. వాటా నిలబెట్టుకోవాలంటే మళ్లీ డబ్బు పెట్టాలి. పెట్టేముందు షేరు ధర ఎంత పడిపోయిందని కాక, అప్పులెంత, ఇంకా ఎంత మూలధనం కావాలని చూడండి.