మందార పరాగకోశంలో నాలుగు గదులు ఎందుకు కనిపించలేదు?

విచ్చిన మందార పువ్వులో పరాగకోశాన్ని (పుప్పొడి తయారయ్యే సంచిని) కోసి చూస్తే పాఠ్యపుస్తకం చెప్పిన నాలుగు గదులు లేవు, పుప్పొడి కూడా నాలుగేసి రేణువులుగా లేదు, పొరపాటు ఎక్కడ జరిగింది అని అడిగారు. పొరపాటేమీ లేదు. డిగ్రీ ప్రయోగశాలలో నేనూ ఇదే మందారతో ఒక మధ్యాహ్నమంతా తంటాలు పడ్డాను.

పుస్తకంలోని బొమ్మ ఉమ్మెత్త వంటి మొక్కలది: పరాగకోశానికి రెండు తమ్మెలు (భాగాలు), తమ్మెకు రెండు గదులు. మందార కుటుంబంలో పరాగకోశానికి తమ్మె ఒక్కటే. పైగా పువ్వు విచ్చే వేళకు ఆ రెండు గదుల మధ్య గోడ కూడా కరిగిపోతుంది.

రేణువుల నాలుగు వేరు, గదుల నాలుగు వేరు. గదిలోని ప్రతి పుప్పొడి మాతృకణం క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజన) చెంది నాలుగు కణాలవుతుంది. వాటిని కాలోస్ అనే పదార్థం కలిపి ఉంచుతుంది. గది లోపలి అంచున ఉండే టపెటమ్ కణాలు ఒక ఎంజైమును స్రవించి దాన్ని కరిగించగానే నాలుగూ విడిపోతాయి. ఆపైన వాటికి ఆహారమిచ్చేదీ, పైగోడకు కావలసిన స్పోరోపొలెనిన్ సరుకు అందించేదీ టపెటమే. మీరు చూసిన ముళ్ల రేణువులు దాని పెంపకమే. చివరికి అది తానే కరిగిపోతుంది. పరాగకోశంలో నన్ను అన్నిటికన్నా కదిలించే సంగతి ఇదే.

ఇదంతా మొగ్గలోనే ముగుస్తుంది. "పువ్వు వద్దు, మొగ్గ తీయండి" అంటూ మా మేడమ్ ఉల్లి పూగుత్తి చేతికిచ్చిన రోజునే నాకు ఈ విషయం అర్థమైంది. ఒకే గుత్తిలో అన్ని వయసుల మొగ్గలూ దొరుకుతాయి. పరాగకోశం పసుపు రంగుకు తిరిగిందంటే సమయం దాటినట్లే, ఇంకా పాలిపోయి ఉన్నదాన్ని తీసుకోండి. అసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు ద్రవం చుక్కలో సూదితో నలిపి, కవర్‌స్లిప్ పెట్టి నొక్కండి. నాకు ఆరో మొగ్గలో కనిపించాయి: గుండ్రటి రొట్టెను నాలుగు ముక్కలుగా కోసినట్లు, ఒకే తలంలో నాలుగు కణాలు. మందార మొగ్గలో అయితే మూడే కనబడతాయి, నాలుగోది వాటి వెనుక దాగి ఉంటుంది.

పుప్పొడి అసలు విడిపోని మొక్క కావాలంటే జిల్లేడు చూడండి. గదిలోని పుప్పొడంతా ఒకే ముద్ద. పువ్వు నడుమనున్న అయిదు మూలల్లోని సన్నని చీలికలో సూది దూర్చి పైకి లాగితే పక్కపక్క పరాగకోశాల ముద్దలు రెండు జంటగా వస్తాయి. జిల్లేడు పాలు మాత్రం కంట్లో పడనివ్వకండి, చూపుకే ప్రమాదం.