లాడెన్ వేట మీద డాక్యుమెంటరీలు: ఏ వరుసలో చూడాలి, ఎక్కడ ఆపి సరిచూసుకోవాలి

ప్రశ్న: విశాఖలో జర్నలిజం చదువుతున్నాను. ఒసామా బిన్ లాడెన్ కోసం సాగిన వేట మీద డాక్యుమెంటరీలు చూసి, క్లాసులో అరగంట మాట్లాడాలి. ఏవి చూడాలి? ఒకదానితో ఒకటి పొసగకపోతే దేన్ని నమ్మాలి? మా కాలేజీ గదిలో స్నేహితులందరికీ వేసి చూపించొచ్చా?

జవాబు:

మీకు మూడు చాలు. మొదట 2013లో హెచ్‌బీఓలో వచ్చిన ‘మ్యాన్‌హంట్’ చూడండి. గ్రెగ్ బార్కర్ తీశారు, సుమారు గంటా నలభై నిమిషాలు. తర్వాత 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘టర్నింగ్ పాయింట్’, ఐదు భాగాలు. చివర్లో 2025లో అక్కడే వచ్చిన ‘అమెరికన్ మ్యాన్‌హంట్: ఒసామా బిన్ లాడెన్’, మూడు భాగాలు. చాలామంది కొత్తదని చివరిదాంతోనే మొదలుపెడతారు. అలా చూసినవాళ్లతో చర్చ పెడితే ఎప్పుడూ హెలికాప్టర్ల దగ్గరే ఆగిపోతుంది. 2011 మేలో పాకిస్థాన్‌లోని అబోటాబాద్‌లో లాడెన్‌ను చంపిన అమెరికా సైనికుల దాడి జరిగింది సుమారు నలభై నిమిషాలు. వేట మాత్రం, అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ లాడెన్ కోసమే ‘అలెక్ స్టేషన్’ అనే విభాగం పెట్టిన 1996 నుంచి లెక్కేస్తే, పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లలో ఎక్కువ భాగం బల్లల ముందు కూర్చుని కాగితాలు చదివిన మనుషులది. 2013 చిత్రం వాళ్లతో మొదలవుతుంది కాబట్టే దాన్ని ముందు పెట్టాను. సిండీ స్టోరర్, నాడా బకోస్, బార్బరా సూడ్ లాంటి విశ్లేషకులు కెమెరా ముందుకొచ్చి తమ పని ఎలా సాగిందో చెబుతారు. 2009 డిసెంబరు 30న అఫ్ఘానిస్థాన్‌లోని ఖోస్త్ దగ్గర స్థావరంలో ఏడుగురు సీఐఏ వాళ్లు చనిపోయిన ఘటన కూడా అందులో ఉంది. సమాచారం ఇస్తాడని నమ్మి లోపలికి రానిచ్చిన జోర్డాన్ డాక్టరే తనను తాను పేల్చుకున్నాడు. వేటలో ఆశ పెట్టుకున్న దారే మనుషుల్ని ఎలా మింగిందో ఆ భాగం చూస్తే తెలుస్తుంది. దాన్ని ముందుకు జరిపేయకండి.

‘టర్నింగ్ పాయింట్’ నేపథ్యం కోసం. 1979లో సోవియట్ సేనలు అఫ్ఘానిస్థాన్‌లోకి రావడం దగ్గర్నుంచి 2021లో అమెరికా వెళ్లిపోవడం దాకా ఉంటుంది. సమయం లేకపోతే మొదటి భాగం, చివరి భాగం చూసినా పని జరుగుతుంది.

ఇక ఎలా చూడాలి. నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: మాట్లాడుతున్నది ఎవరు, అప్పుడు ఏ పదవిలో ఉన్నారు, చెప్పేది తాము చూసిందా ఎవరో చెప్పగా విన్నదా, ఆ మాట ఏ ఏడాదిలో చెప్పారు. రెండో గడి తెర కింద పడే పేరుపట్టీలో దొరుకుతుంది కానీ రెండు సెకన్లలో పోతుంది, ఆపి రాసుకోవాలి. మూడో గడి ఎక్కువసార్లు ఖాళీగా ఉండిపోతుంది. ఖాళీగా ఉన్న చోట ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి, ఊహించి నింపొద్దు. గంట చిత్రానికి పదిహేను, ఇరవై వరసలు వస్తాయి. అప్పుడొకటి కళ్లకు కడుతుంది: మాట్లాడేవాళ్లలో అధికభాగం వేటాడినవాళ్లే. పాకిస్థాన్ వాళ్లు, అఫ్ఘాన్లు కొద్దిమంది. నా దృష్టిలో ఈ చిత్రాలన్నింటికీ ఉన్న పెద్ద లోటు ఇదే. దర్శకుల నిజాయితీని నేను శంకించడం లేదు. మాట్లాడేందుకు అనుమతి ఉన్నవాళ్లే మాట్లాడగలరు, వాళ్లు చెప్పగలిగినంతే చెబుతారు.

ఏ చిత్రం ఎంత గట్టిదో తేల్చడానికి నేను వాడే పరీక్ష ఒకటే: కొరియర్ సంగతి ఎలా చెప్పారు? లాడెన్ ఫోను, ఇంటర్నెట్ వాడలేదు. ఉత్తరాలు, పెన్‌డ్రైవులు మోసే మనిషి ద్వారానే అతను దొరికాడు. ఆ మనిషి మారుపేరు అబూ అహ్మద్ అల్ కువైతీ. ఆ పేరు 2002 నుంచే సీఐఏ కాగితాల్లో ఉంది. 2003 మార్చిలో రావల్పిండిలో పట్టుబడ్డ, లాడెన్ సంస్థ అల్ ఖైదాలో పెద్ద అయిన ఖాలిద్ షేక్ మహమ్మద్, అతను పని మానేశాడన్నాడు. 2005లో మర్దాన్‌లో దొరికిన మరో పెద్ద అబూ ఫరాజ్ అల్ లిబీ, అలాంటివాడే తెలియదన్నాడు. 2004లో ఇరాక్ కుర్దు ప్రాంతంలో పట్టుబడ్డ హసన్ గుల్ మాత్రం అతను లాడెన్‌కు దగ్గరి మనిషని చెప్పాడు. పెద్దవాళ్లిద్దరూ అంత గట్టిగా దాచబోయారంటే మనిషి ముఖ్యుడన్న అనుమానం బలపడింది. అసలు పేరు తెలియడానికి 2007 అయింది. 2010 ఆగస్టులో పెషావర్‌లో అతని వాహనం వెంటపడి అబోటాబాద్ ఇంటిదాకా వెళ్లగలిగారు.

ఇక్కడే అసలు గొడవ. ఈ సమాచారం చిత్రహింసల వల్ల వచ్చిందా? 2014 డిసెంబరు 9న అమెరికా సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ బయటపెట్టిన నివేదిక సారాంశం ప్రకారం, కొరియర్ గురించి హసన్ గుల్ ఇచ్చిన మంచి సమాచారం అతన్ని కఠిన పద్ధతుల్లోకి దించకముందే వచ్చింది. సీఐఏ దీన్ని ఒప్పుకోలేదు, తన వాదన విడిగా రాసి ఇచ్చింది. మీరు చూసే చిత్రంలో ఈ రెండు వాదనలూ ఉన్నాయా, ఒకటే ఉందా, అసలు ఊసే లేదా అని చూడండి. 2012 నాటి ‘జీరో డార్క్ థర్టీ’ సినిమాని డాక్యుమెంటరీల తర్వాతే చూడమనేది ఇందుకే. హింస పెట్టడం వల్లే ఆచూకీ దొరికిందన్న బలమైన భావన ఆ సినిమా కలిగిస్తోందని, అది తప్పని అప్పటి సీఐఏ తాత్కాలిక అధిపతి మైకేల్ మోరెల్ 2012 డిసెంబరులో ఉద్యోగులకు లేఖ రాశారు. ముందు సినిమా చూసేస్తే ఆ దృశ్యాలు మనసులో నాటుకుపోతాయి, తర్వాత ఎన్ని నివేదికలు చదివినా వదలవు.

ఇంకో పరీక్ష ఇంటి లోపలి దృశ్యాలు. వైట్‌హౌస్ గదిలో ఒబామా, హిల్లరీ తదితరులు తెర వైపు చూస్తున్న ఫొటో అందరికీ తెలుసు. వాళ్లకు కనిపించింది పై నుంచి డ్రోన్ పంపిన చిత్రం. సైనికులు ఇంట్లోకి దూరాక ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు లోపల ఏం జరుగుతోందో తమకు సరిగా తెలియలేదని అప్పటి సీఐఏ డైరెక్టర్ లియోన్ పనెట్టాయే చెప్పారు. కాబట్టి మెట్ల మీద పరుగులు, గదిలో కాల్పులు తెర మీద కనిపిస్తే అవి నటులతో తీసినవే. ఆ ఇంటిని 2012 ఫిబ్రవరిలో పాకిస్థాన్ ప్రభుత్వం కూల్చేసింది. ఎవరు కాల్చారన్న దాని మీద దాడిలో పాల్గొన్న ఇద్దరి కథనాలే కలవవు. రెండూ చెప్పండి, తీర్పు మీరివ్వకండి.

దాడికి వెళ్లిన హెలికాప్టర్లలో ఒకటి ఆ ఇంటి దగ్గర ఎందుకు పడిందన్నది మాత్రం తేలిన విషయమే, క్లాసులో బాగా పనికొస్తుంది. సాధన కోసం కట్టిన నమూనాలో ప్రహరీకి బదులు ఇనప జాలీ కంచె ఉంది. అసలు ఇంటి గోడలు గట్టివి, 12 నుంచి 18 అడుగుల ఎత్తు. రెక్కలు కిందికి తోసిన గాలి జాలీ గుండా బయటికి పోయింది కానీ, గోడల మధ్య పోవడానికి దారిలేక తిరిగి రెక్కల్లోకే వచ్చింది. ఆ రాత్రి అనుకున్నదానికన్నా వేడిగా ఉండటంతో గాలి పలచబడి పట్టు ఇంకా తగ్గింది. నేవీ డే విన్యాసాలప్పుడు ఆర్‌కే బీచ్‌లో హెలికాప్టర్ కిందికి దిగితే నీళ్లు చుట్టూ ఎలా చెదిరిపోతాయో మనవాళ్లు చూసే ఉంటారు. ఆ గాలికి చుట్టూ గోడ కడితే ఏమవుతుందని అడగండి, క్లాసుకు వెంటనే అర్థమవుతుంది. మృతదేహాన్ని ఉత్తర అరేబియా సముద్రంలో కార్ల్ విన్సన్ విమానవాహక నౌక మీంచి జలసమాధి చేశారు. 2021 అక్టోబరులో మలబార్ నౌకాదళ విన్యాసాలకు బంగాళాఖాతంలోకి వచ్చింది అదే నౌక.

తేదీల దగ్గర చాలామంది తడబడతారు. కొన్ని చిత్రాల్లో మే 1 అని, కొన్నింట్లో మే 2 అని ఉంటుంది, రెండూ సరైనవే. అబోటాబాద్‌లో అర్ధరాత్రి దాటి 1 గంట అయితే విశాఖలో 1:30, వాషింగ్టన్‌లో ముందురోజు సాయంత్రం 4. ఒబామా ప్రకటన అక్కడ మే 1 రాత్రి 11:35కు, మనకు మే 2 సోమవారం ఉదయం 9:05కు. మీ పట్టికలో మూడు గడియారాలూ పక్కపక్కన వేయండి.

జర్నలిజం క్లాసు కాబట్టి, ఒక్క ఉదాహరణే చెప్పే వీలుంటే ఇది ఎంచుకోండి. మే 2న వైట్‌హౌస్ అధికారి జాన్ బ్రెనన్, లాడెన్ కాల్పుల్లో పాల్గొన్నాడని, భార్యను అడ్డు పెట్టుకున్నాడని అన్నారు. మర్నాడే ప్రతినిధి జే కార్నీ సవరించారు: లాడెన్ దగ్గర ఆయుధం లేదు, భార్యను కవచంగా వాడుకోలేదు. మొదటి రోజు టీవీ క్లిప్పులు ఏ చిత్రంలోనైనా సవరణ లేకుండా వస్తే గుర్తు పెట్టుకోండి.

పాకిస్థాన్ వైపు లోటు తీర్చడానికి, ఈ దాడి మీద ఆ దేశం వేసిన విచారణ సంఘం అబోటాబాద్ కమిషన్ నివేదిక ఉంది. 2013 జులైలో అల్ జజీరా బయటపెట్టింది, మూడు వందల పేజీల పైమాటే. లాడెన్ కుటుంబం వాంగ్మూలాలు అందులో ఉన్నాయి: పై నుంచి ఎవరూ గుర్తుపట్టకుండా పెరట్లోకి వచ్చినప్పుడు వెడల్పాటి టోపీ పెట్టుకునేవాడని, ఒకసారి స్వాత్‌లో వేగంగా వెళ్తోందని పోలీసులు వాళ్ల కారు ఆపి వదిలేశారని. మొత్తం చదవలేకపోతే ఆ ఇంట్లో బతికిన తీరు గురించిన అధ్యాయాలు చదవండి.

వేటకు పడ్డ మూల్యం కూడా చెప్పాలి, దీన్ని చాలా చిత్రాలు ఒక్క వాక్యంతో దాటేస్తాయి. ఆ ఇంట్లో ఉన్నవాళ్ల డీఎన్ఏ కోసం సీఐఏ డాక్టర్ షకీల్ అఫ్రీదీతో హెపటైటిస్ బి టీకాల కార్యక్రమం నడిపించింది. అది బయటపడ్డాక టీకా వేసేవాళ్లంటేనే గూఢచారులన్న అనుమానం పాకింది. 2012లో ఉత్తర వజీరిస్థాన్‌లో తాలిబన్ కమాండర్ పోలియో చుక్కలను నిషేధించాడు. టీకాలు వేయడానికి ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్లను కాల్చి చంపారు. టీకా కార్యక్రమాలను ఇక గూఢచర్యానికి వాడబోమని 2014లో వైట్‌హౌస్ రాతపూర్వకంగా హామీ ఇవ్వాల్సి వచ్చింది. మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ వల్ల చివరి కేసు నమోదైంది 2011 జనవరిలో. చుక్కలు వేసే ఆశా, అంగన్‌వాడీ అక్కలు మన వీధుల్లోకి నిర్భయంగా వచ్చివెళ్తారు. పక్క దేశంలో అదే పని చేసేవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దీనికి అరగంటలో ఐదు నిమిషాలైనా కేటాయించండి.

గదిలో వేసి చూపించడం గురించి. నెట్‌ఫ్లిక్స్ తన సొంత డాక్యుమెంటరీల్లో కొన్నింటికే విద్యా ప్రదర్శన అనుమతి ఇస్తుంది. మీకు కావలసినదానికి అనుమతి ఉందో లేదో వాళ్ల మీడియా సైట్‌లో ఆ చిత్రం పేజీ తెరిచి చూడాలి. ఉంటే ఒక్కసారి, టిక్కెట్టు లేకుండా, ఖాతాదారుడే తన ఖాతాలోంచి వేయాలి. లేకపోతే ఎవరిళ్లలో వాళ్లు చూసి, గదిలో చర్చ మాత్రం పెట్టుకోండి. హెచ్‌బీఓ చిత్రాలు మన దేశంలో ఏ ఓటీటీలో ఉంటాయన్నది మారుతూ ఉంటుంది, వారం ముందే వెతకండి.

కాలేజీ ప్రొజెక్టర్లు చాలావరకు వీజీఏ తీగతో ఉంటాయి. ఓటీటీ వీడియోకి కాపీ రక్షణ ఉంటుంది, వీజీఏకి ఆ రక్షణ లేదు, అందుకే శబ్దం వచ్చి బొమ్మ నల్లగా ఉండిపోవచ్చు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చౌక కన్వర్టర్ పెట్టినా అదే తంటా. హెచ్‌డీఎంఐ ఉన్న ప్రొజెక్టర్ గానీ టీవీ గానీ అడగండి, ముందురోజే మీ ల్యాప్‌టాప్‌తో అదే గదిలో ఐదు నిమిషాలు వేసి చూడండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తప్పనిసరిగా పెట్టండి. అరబ్బీ, పష్తూ పేర్లు చెవికి ఒకలా, కాగితం మీద ఒకలా ఉంటాయి, తెర మీద స్పెల్లింగ్ చూసి రాసుకుంటే తర్వాత నివేదికల్లో వెతకడం తేలిక.

అబోటాబాద్‌లో దొరికిన కంప్యూటర్ల ఫైళ్లు సీఐఏ 2017 నవంబరులో దాదాపు 4,70,000 విడుదల చేసింది. వాటిని దించుకోకండి. వాటిలో వైరస్‌లు ఉండొచ్చని సీఐఏ సైటే హెచ్చరిస్తుంది, పైగా ఎక్కువ భాగం అరబ్బీ. 2012లో అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లోని ఉగ్రవాద నిరోధక కేంద్రం విడుదల చేసిన 17 ఉత్తరాలకు ఇంగ్లిష్ అనువాదం ఉంది. వాటిలో రెండు చదివి క్లాసుకు వెళ్లినా మీ అరగంట సరిపోదు.