జీవన ఎరువులు కలిపిన పశువుల ఎరువు టమాటాకు ఎందుకు పనిచేయలేదు?

పశువుల ఎరువులో ట్రైకోడెర్మా (తెగుళ్ళను అణచే మేలు శిలీంధ్రం), అజోస్పైరిల్లం (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా) పొడులు కలిపి టమాటాకు వేసినా ఫలితం లేదని, పైగా మొక్కలు పాలిపోయాయని మీరు రాశారు. మొదటి ఏడాది నాకూ ఇదే జరిగింది. పొడి నాసిరకమనుకున్నాను గాని, తప్పు నా ఎరువు కుప్పలోనే ఉంది.

నేను వాడినది సగమే చివికిన ఎరువు. చెయ్యి పెడితే వేడి తగిలేది, గడ్డి పోచలు పోచలుగానే ఉండేవి. ఆ వేడికి మనం కలిపిన సూక్ష్మజీవులు నిలవడం కష్టం. అదీగాక, పచ్చి ఎరువును కుళ్ళబెట్టే బ్యాక్టీరియా తన పెరుగుదలకు నేలలోని నత్రజనినే వాడుకుంటుంది కనుక, మొక్కకు కొంతకాలం కొరత ఏర్పడి ముదురాకులు పసుపు రంగుకు తిరుగుతాయి. మీ మొక్కలకూ అదే జరిగి ఉండవచ్చు.

మరుసటి ఏడాది నుంచి నల్లగా పొడిపొడిగా మారి, మట్టి వాసన వచ్చే ఎరువునే తీసుకుంటున్నాను. 100 కిలోల ఎరువుకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, నీడలో పరిచి, నీళ్ళు చిలకరించి తడి గోనె సంచులు కప్పుతాను. గుప్పిట పట్టి పిండితే ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి తిరగేస్తే, పది రోజుల్లో తెల్లటి బూజు అల్లుకుని అక్కడక్కడ ఆకుపచ్చకు తిరుగుతుంది. మొదటిసారి అది చూసి, ఎరువు పాడైందని పారబోయబోయాను. నిజానికి మనకు కావలసిన శిలీంధ్రం అదే. అజోస్పైరిల్లం మాత్రం మరో చిన్న కుప్పలో విడిగా కలుపుతాను.

నారు నాటే గుంటలో, సాయంత్రం పూట, తడి నేలలో ఈ ఎరువు గుప్పెడు వేసి వెంటనే మట్టి కప్పండి. ఆ వారంలో రాగి మందులు మొదళ్ళలో పోయవద్దు. నారుకుళ్ళు భయంతో నేను కాపర్ ఆక్సీక్లోరైడ్ పోసి, పెంచినదాన్ని నా చేతులతోనే చంపుకున్నాను.

వేళ్ళతో జతకట్టి బతికే మైకోరైజా అనే శిలీంధ్రం టమాటా, వంగ, మిరపలకు ఉపయోగమే గాని, క్యాబేజీ, కాలీఫ్లవర్ వేళ్ళతో అది జతకట్టదు, వాటికి వేయడం దండగ.

రసాయన ఎరువు పూర్తిగా మానేయవచ్చా అన్నారు. అజోస్పైరిల్లం వల్ల హెక్టారుకు 20 నుంచి 40 కిలోల నత్రజని అందితే గొప్ప. సంకర టమాటాకు 100 కిలోలకు పైనే కావాలి. అందుకే నేను మొదట పావు వంతే తగ్గించి, ఆ మళ్ళలో ఆకు రంగు నిలబడ్డాకే మరికొంత తగ్గించాను.