సమాధానం: రెండుసార్లు కోటింగ్ వేసినా శ్లాబు ఎందుకు కారుతోంది?

మీరు రాసింది చూస్తే, రెండుసార్లు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించినా గది మూలలోనే చెమ్మ వచ్చి పెచ్చులు రాలుతున్నాయి. మూలలోనే అంటున్నారు కాబట్టి నా అనుమానం శ్లాబు మధ్యభాగం మీద కాదు, పిట్టగోడ శ్లాబుతో కలిసే అతుకు మీద. ఎండకు, చలికి ఆ రెండూ వేర్వేరుగా కదులుతాయి, సన్నని పగులు తెరుచుకుంటుంది. పైన రంగులా పూసిన కోటింగ్ ఆ కదలికకు చిరిగిపోతుంది.

ముందు పరీక్ష చేయండి. నీళ్లు పోయే గొట్టాన్ని మూసి, మేడ మీద రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెట్టండి. చెమ్మ పెరిగితే నీళ్లు పైనుంచే దిగుతున్నాయని అర్థం. పెరగకపోతే పైపులను అనుమానించాలి.

అతుకే కారణమైతే పాత కోటింగ్ గీకేసి, పగులును కాస్త వెడల్పు చేసి పాలిమర్ (జిగురులాంటి పదార్థం) కలిపిన సిమెంటు మోర్టార్‌తో నింపించండి. మూలను గుండ్రంగా తీర్చి, ఫైబర్ మెష్ (సన్నని వల) పరిచి, కోటింగ్‌ను గోడ మీదికి కనీసం ఒక అడుగు ఎక్కించాలి. దయచేసి తడి శ్లాబు మీద వేయనివ్వకండి, బుడగలు లేచి ఊడిపోతుంది. ఆరిందో లేదో తెలియాలంటే రాత్రి శ్లాబు మీద ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు టేపుతో అతికించి ఉంచండి. పొద్దున అడుగున నీటి చుక్కలుంటే ఇంకా ఆరలేదని అర్థం.

నీళ్లు నిలవకుండా 100 అడుగులకు 1 అడుగు వాలు ఉండాలి.

పెచ్చులు రాలిన చోట తుప్పు పట్టిన ఊచలు కనిపిస్తే మాత్రం ఆగండి. ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు చూపించండి, అప్పటిదాకా దాని కింద ఎవరినీ పడుకోనివ్వకండి.