గ్రూప్ డిస్కషన్‌లో వెనకబడ్డాను, నాయకత్వానికి నేను పనికిరానా?

ప్రశ్న: నేను కాకినాడలో ఎంబీఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇటీవల మా కళాశాలలో జరిగిన గ్రూప్ డిస్కషన్‌లో ‘సంస్థ విజన్‌ను, అంటే దాని దీర్ఘకాల లక్ష్యాన్ని, నాయకుడు ఉద్యోగులందరికీ ఎలా చేరవేయాలి’ అనే అంశం ఇచ్చారు. గడగడా ఇంగ్లీషు మాట్లాడినవాళ్ళకే మార్కులు వచ్చాయి. నాకు రెండు వాక్యాలకు మించి అవకాశం దొరకలేదు. దొరికినా ఏం చెప్పాలో తెలియలేదు. నాయకత్వమంటే ఉపన్యాసం ఇవ్వడమేనా? ఒక శిక్షణ సంస్థలో మూడు నెలల ‘లీడర్‌షిప్ కమ్యూనికేషన్’ కోర్సుకు 40 వేల రూపాయలు అడుగుతున్నారు. వచ్చే సోమవారంలోగా కట్టాలట. అప్పు తెచ్చయినా కడతానని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక విద్యార్థిని

జవాబు: మీ ఉత్తరంలో డబ్బు గురించిన ప్రశ్న చివర ఉన్నా, మీ ఇంట్లో అందరి మనసుల్లోనూ ముందు ఉన్నది అదేనని నాకు అర్థమైంది. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ గ్రూప్ డిస్కషన్ అంశం సంగతి తేల్చుకోవాలి. ఎందుకంటే, ఉమ్మడి లక్ష్యాన్ని చేరవేయడమంటే ధారాళంగా మాట్లాడడమని మీ కళాశాలలో అందరూ అనుకున్నట్టున్నారు. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగాల్లో, ఉద్యోగార్థుల మధ్యలో గడిపినవాడిని. అది పొరపాటని ఖచ్చితంగా చెప్పగలను.

పై అధికారి పక్కన లేనప్పుడు, నియమాల పుస్తకంలో జవాబు దొరకనప్పుడు, ఎదురుగా ఉన్న రెండు దారుల్లో ఏది పట్టాలో ఒక ఉద్యోగి తనంత తాను తేల్చుకోగలిగితే, ఆ సంస్థ లక్ష్యం ఆ ఉద్యోగికి చేరినట్టు. అలా తేల్చుకోలేకపోతే, గోడ మీద ఎంత అందమైన వాక్యం రాసిపెట్టినా, వార్షికోత్సవంలో ఎండీగారు ఎంత గొప్పగా మాట్లాడినా అది చేరనట్టే. ఈ ఒక్క కొలత దగ్గర పెట్టుకుంటే మిగతా చర్చంతా తేలికవుతుంది.

ఈ సంగతి నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. విద్యార్థులకు నేర్పే ఈ వృత్తిలోకి రాకముందు ఒక మందుల తయారీ సంస్థలో మానవ వనరుల విభాగంలో పనిచేశాను. సంస్థ విజన్‌ను రాయడానికి వేసిన కమిటీలో నేనూ ఉన్నాను. ఆరు వారాలపాటు ఒక్కొక్క ఇంగ్లీషు మాటనూ తూచి, చివరికి రెండు వాక్యాలు ఖాయం చేసి, నల్లటి గ్రానైట్ పలక మీద బంగారు రంగు అక్షరాలతో చెక్కించి, గేటు దగ్గర నిలబెట్టాం. వారం తరువాత రాత్రి షిఫ్టుకు వస్తున్న ప్యాకింగ్ విభాగం ఆవిడ ఒకరు నన్ను ఆపి, ‘సార్, ఆ బోర్డు మీద పండగ సెలవుల జాబితా వేశారా?’ అని అడిగారు. ఆవిడ ఏ ఎత్తిపొడుపూ లేకుండా, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఆరు వారాల మా శ్రమలో ఒక్క అక్షరం కూడా ఆవిడకు అందలేదని నాకు అప్పుడే తెలిసింది.

అదే ప్యాకింగ్ విభాగానికి ఆ తరువాత ఒక కొత్త అధికారి వచ్చారు. ఆయన మాట నెమ్మది, అందులో కొంచెం తడబాటు కూడా ఉండేది. షిఫ్టు మారే వేళ రెండు షిఫ్టుల వాళ్ళూ ఒకచోట ఉండే ఆ పది నిమిషాల్లో ఆయన ఒక మాత్రల స్ట్రిప్ చేతికిచ్చి అందరి చేతుల్లోంచీ పోనిచ్చేవారు. పదిహేను గుంటలున్న ఆ స్ట్రిప్‌లో పద్నాలుగు మాత్రలే ఉండేవి. ‘ఇది బీపీ మాత్ర. ఊళ్ళో ఒంటరిగా ఉండే పెద్దాయన దీన్ని కొన్నాడనుకోండి. ఈ గుంట దగ్గరికి వచ్చిన రోజున ఆయన ఏం చేస్తాడు?’ అని అడిగి, వాళ్ళు చెప్పేదాకా ఆగేవారు. అంతకుమించి ఉపన్యాసం ఉండేది కాదు. ఇదే ప్రశ్నను రకరకాల స్ట్రిప్‌లతో మూడు నెలలపాటు అడిగారు. ఒక రాత్రి, ఆ నెల లెక్క పూర్తి చేయాల్సిన ఒత్తిడిలో ఉండగా, నన్ను సెలవుల జాబితా గురించి అడిగిన ఆవిడే ఖాళీ గుంటలు కనబడుతున్నాయని ఎర్ర బటన్ నొక్కి లైను ఆపేశారు. ఎవరినీ అడగలేదు. తెల్లవారి ఆ అధికారి అందరి ముందూ ఆవిడకు కృతజ్ఞతలు చెప్పి, ఉత్పత్తిలో పడిన తరుగుకు కారణం రాయాల్సిన చోట తన పేరు రాసుకున్నారు. గ్రానైట్ పలక మీద మేము చెక్కించిన మాటల అర్థం కూడా దాదాపు ఇదే. కాకపోతే అది వాళ్ళకు అర్థమైంది ఆ ఉదయమే.

మీరు కాకినాడలో చదువుతున్నారు కాబట్టి, మీ ఊరితో సంబంధమున్న ఒక పెద్ద ఉదాహరణ చెబుతాను. ఢిల్లీ మెట్రో నిర్మాణానికి సారథ్యం వహించిన ఇ.శ్రీధరన్ కేరళవాసి అయినా సివిల్ ఇంజినీరింగ్ చదివింది మీ కాకినాడ ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలలోనే. ఇప్పుడది జేఎన్‌టీయూ కాకినాడ. 1964 డిసెంబరు తుపాను, రామేశ్వరం దీవికి సముద్రం మీదుగా వెళ్ళే పంబన్ రైలు వంతెనను దెబ్బతీసినప్పుడు, దాన్ని బాగుచేయడానికి రైల్వేశాఖ ఆరు నెలల గడువు పెట్టింది. పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. యువ ఇంజినీరుగా ఉన్న శ్రీధరన్ బృందం 46 రోజుల్లో ఆ పని పూర్తిచేసింది. ఆ తరువాత 1990లో కొంకణ్ రైల్వే బాధ్యత ఆయనకు వచ్చింది. పడమటి కనుమల పక్కన, మహారాష్ట్రలోని రోహా నుంచి మంగళూరు దాకా 700 కిలోమీటర్లకు పైగా సాగే ఆ మార్గంలో తొంభైకి పైగా సొరంగాలు తొలచాలి, వందల వంతెనలు కట్టాలి. రాళ్ళు పగలగొట్టే కూలీ నుంచి చీఫ్ ఇంజినీరు దాకా, వేరువేరు భాషలవాళ్ళు, వేరువేరు కాంట్రాక్టర్ల మనుషులు, ఒకరినొకరు ఎన్నడూ చూడనివాళ్ళు ఆ మార్గం పొడవునా పరుచుకుని పనిచేశారు. ఇంతమందిని ఒకచోట కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వడం ఎవరి తరమూ కాదు.

అక్కడ ఆయన వాడిన సాధనం చాలా చిన్నది. కార్యాలయాల్లోనూ, పని జరిగే చోట్లలోనూ వెనక్కి నడిచే గడియారాలు పెట్టించారు. లక్ష్యంగా పెట్టుకున్న తేదీకి ఇంకా ఎన్ని రోజులున్నాయో ఆ గడియారం చూపిస్తుంది. రోజు గడిచేకొద్దీ ఒక అంకె తగ్గుతుంది. ఆ తరువాత ఢిల్లీ మెట్రోలోనూ అదే పద్ధతి కొనసాగింది. అంకెలు చదవగలిగినవారికి అనువాదం అక్కరలేదు. ఆఫీసరు చూసేదీ కూలీ చూసేదీ ఒకే అంకె. ‘మనం ఎక్కడున్నాం’ అన్న ప్రశ్నకు పైవాళ్ళకొక జవాబు, కిందివాళ్ళకొక జవాబు లేకుండా పోయింది. దీనికి తోడుగా ఢిల్లీ మెట్రోలో విభాగాధిపతులందరూ ప్రతి సోమవారం సమావేశమయ్యేవారు. ఒక విభాగం ఆలస్యం మరో విభాగం మెడకు ఎలా చుట్టుకుంటుందో అక్కడే బయటపడేది. 2002 డిసెంబరు 24న షాహ్‌దరా నుంచి తీస్ హజారీ దాకా మొదటి మార్గం ప్రారంభమైంది. దాదాపు 65 కిలోమీటర్ల మొదటి దశ, పదేళ్ళ అంచనాకు దాదాపు మూడేళ్ళు ముందుగానే పూర్తయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నేను మిమ్మల్ని తప్పుదారి పట్టించినవాడినవుతాను. గడియారం ఒక్కటే తీసుకెళ్ళి మరో సంస్థలో తగిలిస్తే అది కొరడా అవుతుంది. ఆ గడువు ఎందుకు పెట్టుకున్నామో, గడువు కోసం దేన్ని మాత్రం వదులుకోకూడదో నాయకుడు తన నడతతో చూపించకపోతే, మనుషులు అంకెకు భయపడి పనిలో లోపాలు దాచడం మొదలుపెడతారు. 2009 జులై 12న దక్షిణ ఢిల్లీలో నిర్మాణంలో ఉన్న మెట్రో వంతెన భాగం కూలి మనుషుల ప్రాణాలు పోయినప్పుడు, శ్రీధరన్ అదే రోజు నైతిక బాధ్యత వహిస్తూ రాజీనామా చేశారు. ప్రభుత్వం దాన్ని అంగీకరించలేదు, ఆయన పనిలో కొనసాగారు. అయినా ఆ రాజీనామా ద్వారా సంస్థలో ప్రతి ఒక్కరికీ చేరిన సందేశం ఏ సర్క్యులరూ చేర్చలేనిది: ఇక్కడ తేదీ కంటే ప్రాణం పెద్దది, జవాబుదారీ పైనుంచి మొదలవుతుంది.

ఇలాంటిదే మన శ్రీహరికోటలోనూ జరిగింది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 మొదటి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. కానీ విలేకరుల ముందుకు వెళ్ళి బాధ్యత తనదని చెప్పింది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. తన బృందం మీద నమ్మకం ఉందనీ, వచ్చే ఏడాది విజయం సాధిస్తామనీ ఆయన చెప్పారు. 1980 జులై 18న ప్రయోగం విజయవంతమై రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరినప్పుడు మాత్రం, విలేకరుల సమావేశం నిర్వహించమని కలాంను పంపారు. కలాం ఈ సంగతిని జీవితాంతం ఎన్నో వేదికల మీద చెబుతూ వచ్చారు. నా ఉద్దేశంలో, పెద్ద లక్ష్యం కోసం ఓటమిని భరించవచ్చునన్న ధైర్యాన్ని ఆ రెండు రోజులు ఇస్రోలోని వేలాదిమందికి ఏ ఉపన్యాసమూ ఇవ్వలేనంతగా ఇచ్చి ఉంటాయి. ప్యాకింగ్ విభాగం అధికారి తరుగు లెక్క పక్కన తన పేరు రాసుకోవడమూ ఇదే కోవలోనిది. నాయకుడు తన లక్ష్యం కోసం ఏం నష్టపోవడానికి సిద్ధంగా ఉన్నాడో చూశాకే మనుషులు ఆ లక్ష్యాన్ని నమ్ముతారు.

మరి మాటలకు విలువ లేదా అంటే, తప్పకుండా ఉంది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు అందుకునేటప్పటికి, ప్రతి బల్ల మీదా ప్రతి ఇంట్లోనూ ఒక కంప్యూటర్ ఉండాలన్న ఆ సంస్థ తొలినాటి లక్ష్యం సంపన్న దేశాల్లో చాలావరకు నెరవేరిపోయింది. నెరవేరిన లక్ష్యం ఎవరినీ నడిపించలేదు. భూమ్మీద ప్రతి వ్యక్తీ, ప్రతి సంస్థా మరింత సాధించేలా శక్తినివ్వడం తమ పని అని 2015లో ఆయన కొత్తగా చెప్పారు. అన్నీ తెలిసినవాళ్ళమన్న ధోరణి వదిలి, అన్నీ నేర్చుకునేవాళ్ళం కావాలన్న మాటను ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి చెప్పారు. చెప్పేవారికి విసుగొచ్చే సమయానికి వినేవారికి అప్పుడప్పుడే చెవిన పడడం మొదలవుతుంది. అయితే మాటకూ కొలతకూ పొంతన ఉండాలి. ఖాతాదారుడే దేవుడని చెబుతూ, సాయంత్రానికి ఎన్ని పాలసీలు అంటగట్టావని లెక్క అడిగే చోట, సిబ్బంది నమ్మేది లెక్కనే.

ఇప్పుడు మీ భాష సంగతికి వస్తాను. తెలుగు మాధ్యమం మీకు అడ్డంకి అని మీరు అనుకుంటున్నారు. ఇంగ్లీషు మెరుగుపరచుకోవాల్సిందే, అందులో సందేహం లేదు; ఎంపికల్లోనూ, నివేదికల్లోనూ అది కావాలి. కానీ పైనుంచి ఇంగ్లీషులో వచ్చిన ఒక నిర్ణయాన్ని, అర్థం చెడకుండా, షాపు ఫ్లోర్‌లో, అంటే యంత్రాల దగ్గర పనిలో ఉన్న మనిషి ఎదురు ప్రశ్న వేయగలిగేంత తేటగా తెలుగులో చెప్పగలిగినవారు సంస్థల్లో చాలా తక్కువ. నేను గ్రానైట్ పలక దగ్గర ఓడిపోయింది ఆ పనిలోనే. ఆ నేర్పు కావలసిన ఉద్యోగాలు ఉన్నాయి. కర్మాగారాల్లో మానవ వనరుల విభాగాలు, పెద్ద సంస్థల్లో అంతర్గత సమాచార విభాగాలు, ఆస్పత్రుల నిర్వహణ, ప్రాజెక్టు సమన్వయం, మహిళా సంఘాలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు అలాంటివే. మీ రెండో సంవత్సరంలో స్పెషలైజేషన్ ఎంచుకునేటప్పుడు వీటిని దృష్టిలో పెట్టుకోండి. వేసవి ప్రాజెక్టును నాలుగు గోడల కార్యాలయంలో కాకుండా షిఫ్టులు నడిచే చోట చేయడానికి ప్రయత్నించండి.

సాధన ఎలా చేయాలని అడుగుతారు కాబట్టి నేను నా విద్యార్థులతో చేయించేది చెబుతాను. మీ కళాశాలలో ఏదో ఒక ఉమ్మడి పని పట్టుకోండి. రక్తదాన శిబిరం కావచ్చు, ఎన్‌ఎస్‌ఎస్ కార్యక్రమం కావచ్చు. ఆ పని ఎందుకో మూడు వాక్యాల్లో తెలుగులో రాయండి, తరువాత ఇంగ్లీషులో రాయండి. మీతో పనిచేసే ఐదుగురికి చెప్పి, రెండు రోజులు ఆగి, ‘మనం ఇది ఎందుకు చేస్తున్నాం?’ అని ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి. ఐదు వేరువేరు జవాబులు వస్తే లోపం వాళ్ళ చెవుల్లో వెతక్కండి, మీ మూడు వాక్యాలను తిరగరాయండి. వాళ్ళు చెప్పిన జవాబుల్లో మీదానికంటే మంచిది ఉంటే దాన్నే తీసుకోండి. లక్ష్యం ఉమ్మడిదయ్యేది అక్కడే. ఇక మరోసారి ఇలాంటి అంశం గ్రూప్ డిస్కషన్‌లో వస్తే, నిర్వచనాల జోలికి పోకుండా, ‘నేనొక ఉదాహరణ చెబుతాను’ అని మొదలుపెట్టి, వెనక్కి నడిచే గడియారం గురించి నాలుగు సరళమైన వాక్యాల్లో చెప్పి, అది ఎందుకు పనిచేసిందో ఒక వాక్యంలో చెప్పండి. అందరూ మాటలు కుమ్మరిస్తున్నచోట ఒక గట్టి ఉదాహరణ చెప్పినవారిని పరీక్షకులు గుర్తుపెట్టుకుంటారు. ఆ నాలుగు వాక్యాలనూ ఇప్పుడే ఇంగ్లీషులో రాసుకుని, గట్టిగా పైకి పదిసార్లు చదవండి.

ఆ కోర్సుకు డబ్బు కట్టవద్దు. సోమవారంలోగా కట్టాలని తొందరపెట్టడమే నాకు నచ్చలేదు. పైగా అప్పు తెచ్చి నేర్చుకోవాల్సినంత విషయం మూడు నెలల వేదిక మీది మాటల్లో ఉండదు. ఇంగ్లీషు సాధన కోసం రోజుకు అరగంట మీ స్నేహితురాళ్ళలో ఒకరితో మాట్లాడే ఏర్పాటు చేసుకుంటే ఈ దశలో సరిపోతుంది. ఈ విషయం నాన్నగారికి మీరే చెప్పండి. వద్దని ఊరుకోకుండా, ఎందుకు వద్దో, దానికి బదులు ఈ ఆరు నెలల్లో మీరేం చేయబోతున్నారో ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఆయన అడిగే ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబివ్వండి.