కుదురుగా కూర్చోకపోయినా వింటున్నాడమ్మా

ప్రశ్న: మాది పొందూరు. మా బాబుకి ఎనిమిదేళ్లు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) ఉందని విశాఖపట్నంలో డాక్టరుగారు చెప్పారు. బడి నుంచి రోజూ ఫిర్యాదులే వస్తుంటే రెండో తరగతి మధ్యలో మాన్పించి, ఏడాదిగా ఇంట్లోనే చెప్పుకుంటున్నాను. లెక్కలు ఎలాగో నడుస్తున్నాయి. తెలుగు తనంతట తాను చదవలేడు కాబట్టి కథలు నేనే చదివి వినిపిస్తాను. రెండు నిమిషాలు కాకుండానే లేచిపోతాడు. కిటికీ ఊచలెక్కుతాడు, మా అత్తగారి రాట్నం దగ్గరకెళ్లి పత్తి పీకుతాడు. పుస్తకం మూసేస్తే మాత్రం “చదువమ్మా” అంటాడు. “ఆ గుంటడు వింటే కదా, గోడకి చదివినట్టే” అంటారు అత్తగారు. నేను చేస్తున్నది దండగేనా మేడమ్? రేపు సర్టిఫికెట్ ఎలా అని ఇంకో టెన్షన్.
– ఒక తల్లి

జవాబు: దండగ కాదు తల్లీ. రుజువు మీ ఉత్తరంలోనే ఉంది. పుస్తకం మూస్తే “చదువమ్మా” అంటున్నాడు. విననివాడికి మూసినా తెరిచినా ఒకటే.

మా రెండోవాడిదీ ఇదే తీరు. విజయనగరంలో బడిలో పాఠాలు చెప్పేదాన్ని కదా, ఇంట్లో కథ కూడా పాఠంలాగే చదివేదాన్ని. గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకునేదాన్ని. “ఇప్పుడు నేనేమన్నాను?” అని పేరా పేరాకీ అడిగేదాన్ని. వాడు ఏడ్చేవాడు. ఆ ఏడుపు తలచుకుంటే నాకిప్పటికీ బాధే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటికి వాడికీ ఎనిమిదేళ్లే. దీపం ముందు పేదరాశి పెద్దమ్మ కథ చదువుతుంటే వాడు మంచం కిందకి దూరాడు. చీకట్లో వాడి ముఖం కనబడదు, ఇటు చూడమనడానికి వీల్లేదు. మంచం నవారు లాగి వదులుతున్న చప్పుడు మాత్రం టప్ టప్‌మని వినిపిస్తోంది. చదువుతూ పోయాను. మర్నాడు పొద్దున్న బోరింగు దగ్గర పక్కింటి పిన్నిగారికి కథంతా చెప్పేశాడు, పెద్దమ్మ ఏం కూర వండిందో దాంతో సహా. బిందె నిండి పొర్లిపోతున్నా నేను అలాగే నిలబడిపోయాను.

ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఒళ్లు కదలడం ధ్యాసకి అడ్డం కాదు, ఆసరా. కదలకుండా కూర్చోమంటే ఉన్న ఓపికంతా కూర్చోవడానికే అయిపోతుంది, కథకి ఏమీ మిగలదు. చేతికి పని ఇవ్వండి. అయితే కంటిని లాగేసే ఫోనూ టీవీ లాంటివి పనికిరావు.

పొందూరులో ఉన్న మీకు ఆ పని వెతుక్కోనక్కర్లేదు. పత్తి పీకుతున్నాడని రాశారు కదా, ఆ పత్తే ఇవ్వండి. ఒక చేట, గుప్పెడు పత్తి. ఆకు నలుసులు, పుల్లలు ఏరడం వాడి పని, చదవడం మీ పని. పత్తి దువ్వే వాలుగ చేప దవడ మాత్రం అత్తగారి చేతిలోనే ఉండాలి, దాని పళ్లు సన్నగా, వాడిగా ఉంటాయి. వాడు ఏరింది ఆవిడకి పనికొస్తుంది. రాట్నం దగ్గర కూర్చున్న ఆవిడ చెవినీ కథ పడుతుంది. మనవడు వింటున్నాడో లేదో ఆవిడకే తెలుస్తుంది.

ఒక్కో విడతకి ఎనిమిది, పది నిమిషాలు చాలు. కథ ముగిసేచోట కాకుండా రాజకుమారుడు పుట్టలో చెయ్యి పెట్టబోయేచోట ఆపండి. తర్వాత ప్రశ్నలు వద్దు. అచ్చులో “ఏమిటి” అని ఉన్నా ముసలమ్మ నోట “ఏటి” అనిపించండి, మీ ఇంటి మాట వింటే వాడు ఇటు తిరుగుతాడు. అదే కథ పదిసార్లు అడిగితే పదిసార్లూ చదవండి.

తనంతట తాను చదవడం నేర్పేది వేరే వేళలో పెట్టుకోండి. కథ మధ్యలో ఒత్తులు అడిగారంటే కథ కూడా చేదవుతుంది. వినే కథ, చదివే పుస్తకం ఒకే స్థాయిలో ఉండక్కర్లేదు. రెండో తరగతి వాచకం దగ్గర తడబడేవాడు ఐదో తరగతి పిల్లల కథని హాయిగా వినగలడు. అయితే గుణింతాలు నెలల తరబడి నేర్పినా నిలవకపోతే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడంలో వచ్చే ఇబ్బంది) ఉందేమో పరీక్ష చేయించండి. ఏడీహెచ్‌డీతో పాటు అదీ ఉండడం అరుదేం కాదు. చూపు, వినికిడి పరీక్షలు కాకపోయి ఉంటే అవి ముందు.

సర్టిఫికెట్‌కి దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక విద్యాసంస్థ ఎన్ఐఓఎస్ వారి ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ఎ, బి, సి స్థాయిలు 3, 5, 8 తరగతులకి సమానం. పదో తరగతి కూడా అక్కడే రాయొచ్చు, దానికి 14 ఏళ్లు నిండాలి. ఇంకా చాలా టైముంది.

ఈ వారం చదివేటప్పుడు వాడి ముఖం చూడకండి, చేతులు చూడండి. కథలో పాము వచ్చినప్పుడల్లా మంచం కింద మావాడి టప్ టప్ ఆగిపోయేది. మీవాడి చేతులు ఏ మాట దగ్గర ఆగాయో నాకు రాయండి.